పదో ఇంట్లో సూర్యుడు

“ఆ సిలకపచ్చ పట్టుదే కట్టుకో అంటన్నాను. మొకం తేటగా పడతాది.”

“పోర్టాఫీసుకిచ్చే ఫొటోకి పట్టుచీరేటమ్మా? పెళ్ళిసూపులా?”

“నూలుచీర కడితే ఏడుపు మొకంలాగుంటావు.”

“అయ్య పోయినందుకే కదా ఆ ఉజ్జోగం ఇస్తన్నారు. నవ్వుమొకం పెడితే బాగుంటాదా?”

మహాలక్ష్మమ్మ పెట్టెలోంచి తీసిన చీర మడత విప్పి, మళ్ళీ అదే మడత మీద పెట్టింది. పొద్దున్నుంచీ ఇదే గొడవ. కుర్చీలో కూర్చుని టీ తాగుతున్న జగ్గారావు గ్లాసు కింద పెట్టాడు. అతను మహాలక్ష్మమ్మ తమ్ముడు, ఫిషింగ్ హార్బరు దగ్గర ఐసు ప్లాంటులో సూపర్వైజరు. బావ పోయినప్పటినుంచీ ఈ ఇంటి కాగితాల పనులన్నీ అతనే చూస్తున్నాడు.

“మెడకాడికే పడతాదప్పా ఫొటో. పట్టయితే ఏటి, నూలయితే ఏటి? ఆలు సూసేది చెవులు రెండూ ఉన్నాయా నేదా అని.”

మహేశ్వరి నవ్వింది. మూడు నెలల తర్వాత ఆ ఇంట్లో ఎవరో నవ్వడం అదే మొదటిసారి కాబోలు, అందరూ ఒకసారి ఆమెవైపు చూసి చూపులు తిప్పుకున్నారు.

గడప మీద కూర్చున్న సూర్యకళ మహేశ్వరి కొత్త జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. దారం నోటితో తెంపి, హుక్కు గట్టిగా ఉందో లేదో గోటితో లాగి చూసి, తర్వాతి దానికి పోతోంది. ఇద్దరూ కవలలు, ఇద్దరిదీ ఒకటే కొలత. దర్జీ ఎప్పుడూ ఒక్కరి కొలతే తీసుకునేవాడు. అది మహేశ్వరిది.

“కాగితంలో చదువు ఎంతదాకా అని రాశారు మావా?” అంది సూర్యకళ, తల ఎత్తకుండానే.

“ఇంటర్ ఉంటే సాలన్నారు. మన మహేసుది డిగ్రీ. ఇంకేటి కావాలి?”

“ఇంటర్ ఉంటే సాలా?”

జగ్గారావు ఆమెవైపు చూశాడు. అడిగిన మాటలో ఏముందో అతనికి అందాక నవ్వొచ్చింది. చెడ్డ నవ్వు కాదు, చిన్నపిల్లల్ని చూసి నవ్వే నవ్వు.

“ఓలమ్మా, నీకూ ఆశుందేటే? పేరులో సూరీడున్నాడు గానీ నీ చక్రంలో ఎనిమిదో ఇంట్లో కూకున్నాడు కదే. రోజూ ఆ పంతులుగోరి కాడే పనిసేత్తావు, నీకు తెల్దా?”

“తెలుసు.” సూర్యకళ ఇంకో హుక్కు అందుకుంది.

“దాన్నేటీ అనకు జగ్గా,” అంది మహాలక్ష్మమ్మ. “దాని రాత అది. ఒలే సూరీ, రేపు ఎల్లినప్పుడు పంతులుగోర్ని అడుగు, కాగితాలు ఏ వారం ఇస్తే మంచిదో. మహేసుకి ఇప్పుడెలాగుందో కూడా ఓపాలి సూడమను.”

“అడుగుతాను.”

జాకెట్టు తిరగేసి, మిగిలిన దారప్పోగులు దులిపి, మడతపెట్టి మహేశ్వరి ఒళ్ళో పెట్టింది. చీర సంగతి తేలకుండానే జగ్గారావు లేచి చెప్పులు వేసుకున్నాడు.

పంతులు గంగాధరరావు గారి కంప్యూటర్ జాతక కేంద్రం డాబా గార్డెన్స్‌లో ఒక మందులషాపు పైన ఉంది. రెండు గదులు. ముందు గదిలో కంప్యూటరు, ప్రింటరు, సూర్యకళ. లోపలి గదిలో ఆయన, చాప మీద బల్ల, గోడకి సింహాచలం అప్పన్న పటం. ఉద్యోగం చేసిన రోజుల్లో సాయంత్రాలు వీధి అరుగు మీద చేత్తో లెక్కలు కట్టి జాతకాలు రాసేవారు. రిటైరయ్యాక కంప్యూటరు కొన్నారు. టైపు నేర్చుకుని ఖాళీగా ఉన్న సూర్యకళని పనిలో పెట్టుకున్నారు. ఇంట్లో దాన్ని పని అనేవారు. ఉద్యోగం అనే మాటని మహేశ్వరికోసం దాచి ఉంచారు.

పుట్టిన తేదీ, టైము, ఊరు. సూర్యకళ అడుగుతుంది, కొడుతుంది, మళ్ళీ పైకి చదివి సరిచూసుకుంటుంది. ప్రింటరు కీచుమంటూ ఒక్కో వరసా గీస్తుంది. రాశి చక్రం, నవాంశ, దశాంశ, ద్వాదశాంశ, ఒకదాని కింద ఒకటి. అంచుల కన్నాల పట్టీలు రెండువైపులా చింపి, కాగితాలు వరసగా పెట్టి లోపలికి పంపిస్తుంది. ఆయన స్కేలు అడ్డంగా పెట్టుకుని ఒక్కో గ్రహాన్నీ అన్ని చక్రాల్లోనూ వెతుకుతారు. స్వక్షేత్రంలోనో ఉచ్చలోనో కనిపించినప్పుడల్లా ఎర్ర పెన్సిలుతో టిక్కు పెడతారు. రెండు టిక్కులొస్తే పారిజాతం, మూడొస్తే ఉత్తమం, నాలుగొస్తే గోపురం, అయిదొస్తే సింహాసనం. పక్కనే ఆ పేరు రాస్తారు. కాగితం మీద ఎర్రదనం ఎంతుందో చూసి, వచ్చినవాళ్ళ మొహం ఎలా మారబోతోందో సూర్యకళ చెప్పగలదు.

ఆ సోమవారం ఒక తండ్రి కొడుకుని తీసుకొచ్చాడు. తండ్రి స్టీలు ప్లాంటులో పనిచేస్తాడట.

“రాశిలో గురుడు ఉచ్చలో ఉన్నాడు కదండీ,” అంటున్నాడు. “అందరూ అదే చెప్పారు. మరి వీడికి ఏదీ కలిసి రాదేం?”

“రాశి చక్రం ఇంటి ముందు గదిలాంటిదండీ. అక్కడ అందరూ కుర్చీలు సర్దుకుని బాగానే ఉంటారు. ఇంటి సంగతి తెలియాలంటే వంటింట్లోకి వెళ్ళి చూడాలి. ఉద్యోగానికి వంటిల్లు దశాంశ. రాశిని పది ముక్కలు చేసి చూస్తే అక్కడ గ్రహానికి బలం ఉందా లేదా తేలుతుంది.”

“ఒక్కటే జాతకం కదండీ? బలం ఎలా మారిపోతుంది?”

గంగాధరరావు గారు సమాధానం చెప్పే ముందు గొంతు సవరించుకున్నారు. ఆ దగ్గు వినగానే ఏం రాబోతోందో సూర్యకళకి తెలిసింది.

“మా అమ్మాయినే చూడండి. ఆ కంప్యూటరు దగ్గరున్న అమ్మాయి. కవలలు. ఒకే రోజు, ఒకే ఆసుపత్రి. ఇరవై నిమిషాల తేడా. రాశి చక్రాలు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో పోల్చలేరు. దశాంశలో గ్రహాలు కూడా అవే గళ్ళలో ఉంటాయి. లగ్నం ఒక్కటే ముందుకి జరిగింది. సూర్యుడు మేషంలో ఉచ్చ, ఇద్దరికీ. అక్కకి లగ్నం కర్కాటకం అయింది, సూర్యుడు పదో ఇంట్లో, ఉద్యోగస్థానంలో పడ్డాడు. ఈ అమ్మాయికి కన్య అయింది. అదే సూర్యుడు ఎనిమిదో ఇంట్లో, కష్టాల స్థానంలో. పైగా లగ్నాధిపతి బుధుడు నీచ. అక్క డిగ్రీ చదివింది. ఈ అమ్మాయి ఇక్కడుంది, పాపం.”

తండ్రి, కొడుకు ఇద్దరూ తలలు వంచి ముందు గదిలోకి చూశారు. సూర్యకళ వాళ్ళు చూడ్డానికి వీలుగా ఒక క్షణం కదలకుండా ఉండి, తర్వాత కొత్త కాగితాల కట్ట ప్రింటరుకి ఎక్కించింది. మొదట్లో ఇలా చూపించినప్పుడు ఆమెకి చెవులు వేడెక్కేవి. ఇప్పుడు ఏమీ అవదు. గోడమీది పటాన్ని చూపించినట్టే.

మధ్యాహ్నం కాగితాల సంగతి అడిగింది. ఆయన పంచాంగం తిప్పి, వచ్చే వారం గురువారం బాగుందన్నారు.

“మీ అక్కకే పెడుతున్నారు కదా?”

“అవునండి.”

“మంచిది. నీకు పెట్టినా నిలవదమ్మాయ్. అన్నానని ఏమీ అనుకోకు.”

“ఏమీ అనుకోనండి.”

నిజంగానే ఏమీ అనుకోలేదు.

ఆదివారం తవిటమ్మ వచ్చింది. పోయిన వరహాలుకి అక్క, పిల్లలకి మేనత్త. తమ్ముడు పోర్టులో చేరినా ఆమె మాత్రం హార్బరు వదల్లేదు, వేలంలో చేపలు కొని గంపతో వీధుల్లో అమ్ముతుంది. తమ్ముడు పోయినప్పటినుంచీ ప్రతి ఆదివారం ఏదో ఒకటి తెస్తోంది. ఏడవడం, చేపలు ఇవ్వడం, వెళ్ళిపోవడం. ఈసారి ఏడవలేదు. నెత్తళ్ళు పెరట్లో పళ్ళెంలో పోసి, పీట లాక్కుని కూర్చుంది.

“రా సూరీ, ఇద్దరం కలిస్తే బేగి అయిపోతాది. మీ యమ్మేదీ?”

“రేషనుకి వెళ్ళింది. మహేసు ట్యూషను పిల్లలకి చెబుతోంది.”

సూర్యకళ ఎదురుగా కూర్చుంది. నెత్తళ్ళకి కత్తిపీట అక్కర్లేదు. బొటనవేలితో తల నొక్కి కిందకి లాగితే పొట్టలోది కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. తలలు ఒకవైపు, చేపలు ఒకవైపు. వేళ్ళకి వెండి పొడిలా అంటుకుంటుంది.

“కాగితాలు ఎంతవరకొచ్చేయే?”

“గురువారం ఇస్తారు. పెద్ద కూతురని మహేసు పేరు రాశారు.”

“మరంతే కదా. ఎనకొచ్చింది కదా అది.”

సూర్యకళ చెయ్యి ఆగలేదు. ఇంకో రెండు చేపల తలలు తీసింది.

“వెనకొచ్చిందేటత్తా? అది పెద్దది కదా?”

“పెద్దదే గాబట్టే ఎనకొచ్చింది. ముందు నువ్వొచ్చేవు, బక్కచిక్కి, నా అరిసేతిలోనే సరిపోయేవు. ఇంకో బిడ్డుందని నర్సమ్మ అరిసింది. కొంతసేపటికి మహేసొచ్చింది. అప్పుడే మా యమ్మ సెప్పేసింది, ఇదే పెద్దదని.”

“అదెలా?”

“అదెలాగేటి? బోటులో ముందు దించిన సేపల పెట్టి ఏడుంటాది? అడుగునుంటాది. రేవుకొచ్చాక ఆకర్న పైకొత్తాది. లోపలికి ముందెల్లిందే పెద్దది. బయటికి ముందొచ్చిందని పెద్దదైపోతాదా? సదువుకున్నావు, ఇదీ తెల్దేటే నీకు?” తవిటమ్మ నవ్వి, చేత్తో ముక్కు తుడుచుకోబోయి, చేపల చెయ్యి అని గుర్తొచ్చి భుజంతో తుడుచుకుంది. “మనిళ్ళల్లో అందరికీ అంతే.”

“అయ్యకి తెలుసా?”

“ఆడి మొకం. ఆడప్పుడు డ్యూటీలో ఉన్నాడు. సాయంత్రమొచ్చి ఇద్దరాడపిల్లలనగానే నవ్వేడో ఏడిసేడో తెల్దు. టైములు రాసి నర్సమ్మిచ్చిన సీటీ జేబులో పెట్టుకుని పంతులుగోరి కాడికి పరిగెత్తేడు. ఎవుతె పెద్దదో మాయమ్మ సెప్పింది మర్నాడు, పేర్లెట్టినప్పుడు.”

పళ్ళెం ఖాళీ అయింది. సూర్యకళ తలలన్నీ ఆకులో చుట్టి గోడవతల పిల్లులకి విసిరింది. బకెట్టులోని నీళ్ళతో మూడుసార్లు చేపలు కడిగి, ఉప్పు, పసుపు వేసి పిసికింది. చింతపండు నానబెట్టింది. తవిటమ్మ ఇంకేదో చెబుతూనే ఉంది, వంజరం ధర గురించి, బోటువాళ్ళ గురించి. సూర్యకళ ఊ కొడుతూనే ఉంది.

నర్సు చీటీలో మొదటి బిడ్డ, రెండో బిడ్డ అని ఉంటుంది. అయ్య ఆ చీటీ చూపించి ఉంటాడు. పంతులు గారు మొదటి బిడ్డని అక్క అని రాసుకుని ఉంటారు. ఇంట్లో అక్క రెండో బిడ్డ.

పులుసు మరిగేటప్పుడు ఇదంతా ఇంకొకసారి మొదటినుంచీ లెక్క కట్టింది. లెక్క సరిపోయింది. పులుసులో ఉప్పు చూసింది. అదీ సరిపోయింది.

మర్నాడు కేంద్రంలో పొద్దుటిపూట ఎవరూ రాలేదు. సూర్యకళ కంప్యూటరులో తమ ఇద్దరి జాతకాలూ తెరిచింది. చాలాకాలం కిందట పని నేర్చుకుంటున్నప్పుడు వేసినవి. కొత్తగా టైములు కొట్టనక్కర్లేదు, లెక్క మళ్ళీ చెయ్యనక్కర్లేదు. పేర్లు రెండూ మారిస్తే చాలు.

మహేశ్వరి అని ఉన్నచోట ఒక్కో అక్షరం చెరిపి సూర్యకళ అని కొట్టింది. రెండోదానిలో మహేశ్వరి అని కొట్టింది. అంతే. తెర మీద తన పేరు కింద కర్కాటకంలో లగ్నానికి ల అన్న అక్షరం, మేషంలో రవికి ర అన్న అక్షరం. పదో ఇంట్లో సూర్యుడు.

చాలాసేపు దానివైపు చూసింది. ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని ఆగింది. పదో తరగతి సెలవుల్లో అయ్య ఈ పంతులు గారి దగ్గరికే వెళ్ళి వచ్చి, ఇద్దర్నీ కాలేజీకి పంపడం కష్టం, మహేసుని డిగ్రీదాకా చదివిద్దాం, సూరికి ఇంటర్ చాలు అన్న రోజున కూడా ఈ సూర్యుడు ఈ గడిలోనే ఉన్నాడు. ఆసుపత్రిలో అయ్యకి కామెర్లు ముదిరి, రాత్రిళ్ళు ఎవరుంటారన్నప్పుడు, మహేసు పరీక్షకి చదవాలి సూరి ఉంటుందిలే అన్నప్పుడు కూడా ఇక్కడే ఉన్నాడు. ఉచ్చలో ఉన్నాడు. ఎక్కడికీ కదల్లేదు.

“పేర్లు తారుమారు కొట్టావేం అమ్మాయ్?”

గంగాధరరావు గారు వెనక నిలబడి ఉన్నారు. సూర్యకళ చెప్పింది. బోటు, పెట్టి, నాయనమ్మ, నర్సు చీటీ. చెప్పడానికి పెద్దగా మాటలు పట్టలేదు.

ఆయన అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నారు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచారు.

“చీటీ నాకు జ్ఞాపకం ఉంది. మొదటి బిడ్డ, రెండో బిడ్డ అనే ఉంది. నేను జ్యేష్ఠ, కనిష్ఠ అని రాసుకున్నాను. మీ ఇళ్ళల్లో వెనకొచ్చింది పెద్దదని నాకెలా తెలుస్తుంది?”

“తెలీదండి.”

“మీ నాన్నయినా తర్వాత వచ్చి చెప్పలేదు.”

“ఆయనకి తట్టి ఉండదండి.”

కింద మందులషాపు వాడు షట్టరు పైకి తోస్తున్న చప్పుడైంది. గంగాధరరావు గారు కళ్ళజోడు పెట్టుకుని తెరమీదికి వంగారు. ఆయన వేలు అలవాటుగా ఒక్కో గడి మీదా ఆగి ఆగి నడిచింది. మెల్లగా ఆయన మొహంలో వెలుగొచ్చింది.

“అందుకే,” అన్నారు. “అందుకే నాకెప్పుడూ అనుమానంగా ఉండేది. ఎనిమిదో ఇంటి సూర్యుడైతే ఈ పిల్ల ఇంత నిలకడగా ఒకచోట పనెలా చేస్తోందా అని. చూశావా? శాస్త్రం తప్పలేదు. నీకు ఇక్కడ పని దొరకడమే దానికి గుర్తు.”

“మా అక్కకి డిగ్రీ వచ్చింది కదండీ?”

“డిగ్రీ ఎవరికైనా వస్తుంది. ఉద్యోగం వచ్చిందా? ఎన్ని పరీక్షలు రాసింది! లగ్నాధిపతి నీచలో ఉంటే ఎక్కడికి వస్తుంది? ఎనిమిదో ఇంట్లో సూర్యుడు. పాపం.”

ఆ పాపం అన్న మాట సూర్యకళకి బాగా తెలుసు. దాని బరువు, దాని తర్వాత వచ్చే చిన్న నిట్టూర్పు కూడా తెలుసు. ఇన్నేళ్ళు తన మీద ఉన్న ఆ మాట, ఉన్నది ఉన్నట్టుగా లేచి వెళ్ళి మహేశ్వరి మీద కూర్చుంది. ఎక్కడా తడబడలేదు.

“మీ మామయ్యని ఇవాళే పిలిపిస్తాను,” అంటున్నారాయన. “ఈ ఉద్యోగం నీకే పెట్టాలి. నిలుస్తుంది కూడా. పైకి వస్తావు.”

“చెప్పకండి.”

“ఏమిటి?”

“మావకి చెప్పకండి. అమ్మకి కూడా.”

“నీకు ఉద్యోగమొచ్చే మాటమ్మా ఇది!”

“తెలుసండి.”

“మరెందుకు?”

సూర్యకళ తెర మీది జాతకాలు మూసేసింది. మార్పులు ఉంచాలా వద్దా అని కంప్యూటరు అడిగింది. వద్దు అని నొక్కింది. మహేశ్వరి పేరు పాత చోటికి వచ్చింది.

“నా అంతట నేను చెప్పను,” అన్నారు గంగాధరరావు గారు చివరికి. “ఎవరైనా వచ్చి అడిగితే అబద్ధం ఆడలేను. అది నా వృత్తి.”

“సరేనండి.”

ఆయన లోపలికెళ్ళి పటం ముందు దీపంలో నూనె పోసుకున్నారు. ఆ రోజు వచ్చినవాళ్ళెవరికీ కవలల సంగతి చెప్పలేదు.

సాయంత్రం సూర్యకళ ఇంటికొచ్చేసరికి మహేశ్వరి డాబా మీద బట్టలు తీస్తోంది. ఆ వీధిలో బట్టలు ఆరేసేముందు తీగ తుడవాలి, తీసేముందు దులపాలి. రోజంతా గాలికి సన్నటి నల్లదుమ్ము వచ్చి వాలుతుంది. దూరంగా పోర్టు క్రేన్లు, వాటి అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ.

సూర్యకళ దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి దులిపి, మడతకి మడత దగ్గరకొచ్చి, కొసలు మార్చుకుని మళ్ళీ వెనక్కి జరిగారు.

“సూరీ, ఎవులికీ సెప్పనంటే ఒకటి సెప్తాను.”

“సెప్పు.”

“నాకు బయ్యంగుంది. ఇది కూడా పోతాదేమోనని.”

“ఇదెలా పోతాది? పరీక్ష లేదు కదా.”

“ఎలాగో పోతాది. నాకు పోవడం తెలుసు.” మహేశ్వరి దుప్పటిని గోడ మీద పెట్టింది. “బ్యాంకు పరీక్ష రాసిన పెతిసారీ అమ్మ అంటాది, పదో ఇంట్లో సూరీడున్నాడు, ఎలాగైనా వస్తాదని. రాకపోతే సదవలేదంటాది. నీకు రాకపోతే నీ రాత. నాకు రాకపోతే నా తప్పు. నువ్వే నయమే.”

సూర్యకళ తీగ మీది క్లిప్పులు ఒక్కొక్కటే తీసి కొంగులో వేసుకుంది. నువ్వే నయమే. ఆసుపత్రి వరండాలో పడుకున్న నెల గుర్తొచ్చింది. ఆ మాటకి కోపం రావాలి. రాలేదు. ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం తన మొహమే, కళ్ళకింద నలుపుతో సహా.

“ఈ ఉజ్జోగం నీకు కావాలా?” అంది.

“కావాలో వద్దో నన్నెవులడిగేరు? పిల్లలకి పాఠాలు సెప్పుకుంటే నాకు బాగానే ఉంటాది. అది ఉజ్జోగం కాదంటారు. అయ్య తిరిగిన చోట కూకుని, అయ్య తాగిన గ్లాసుల్లో టీ తాగాలంటే...” ఆగిపోయింది. తర్వాత ఏదో తట్టినట్టు తల తిప్పింది. “నీకు కావాలేటి?”

సూర్యకళ కొంగులో క్లిప్పులు గలగలమన్నాయి. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పోర్టు గేటు ఆమె కళ్ళముందుకొచ్చింది. అయ్యకి అన్నం క్యారేజీ తీసుకెళ్ళి గేటు బయట నిలబడేది. లోపలికి పోయేవాళ్ళు మెడలో కార్డులు వేసుకుని, ఎవరితోనూ ఏమీ చెప్పకుండా, ఎవరి చూపుకీ ఆగకుండా నడిచి వెళ్ళిపోయేవారు. వాళ్ళని ఎవరూ ఎవరికీ ఉదాహరణగా చూపించరు.

“కిందకి పద,” అంది. “చీకటి పడతాంది.”

బుధవారం సాయంత్రం అందరూ వచ్చారు. గురువారం పొద్దున్నే కాగితాలు పట్టుకెళ్ళాలి కనక జగ్గారావు ఆ రాత్రికి ఇక్కడే ఉంటానన్నాడు. తవిటమ్మ ఖరీదైన చందువలు తెచ్చింది. మేనకోడలికి ఉద్యోగం వస్తున్న ఇంట్లో నెత్తళ్ళేంటని ఆమె ఉద్దేశం. మహాలక్ష్మమ్మ వేపుడు ముక్కలు కంచాల్లో వేస్తోంది. నడిముక్క మహేశ్వరి కంచంలో వేసింది, తోకముక్క సూర్యకళ కంచంలో వేసింది. అందులో కొత్త ఏమీ లేదు. చెయ్యి దానంతట అదే అలా పోతుంది.

జగ్గారావు కాగితాలు పక్కనే పెట్టుకుని తింటున్నాడు. వాటిమీద మెతుకు పడకుండా పేపరు కప్పాడు.

“అంతా రాసేను. ఇంక పేరు, సంతకం. పెన్సిలుతో రాసి ఉంచేను, అన్నం తిన్నాక మహేసు ఇంకుతో రాసేత్తాది. అప్పా, నువ్వూ, సూరీ అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాల. ఒలే సూరీ, పంతులుగోరు గురువారమేనన్నారు కదా?”

“గురువారమే.”

“మహేసుకి ఎలాగుందన్నారు?”

సూర్యకళ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. కంచం కాస్త ముందుకి జరిపింది.

“మావా, ఆ కాగితాల మీద నా పేరు రాయి.”

తవిటమ్మ ముల్లు తీసుకుంటూ వినలేదు. మహాలక్ష్మమ్మ గరిటె గిన్నెలో పెట్టింది.

“ఏటే?”

“ఉజ్జోగానికి నా పేరు పెట్టండి. మహేసుది వద్దు.”

గొంతు పెరగలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పింది. జగ్గారావు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. మహేశ్వరి తల ఎత్తలేదు, వేళ్ళు మాత్రం అన్నంలో అలాగే ఉండిపోయాయి.

“నీకేటైనా పిచ్చెక్కిందేటే?” అంది మహాలక్ష్మమ్మ. “అది డిగ్రీ సదివింది. నీకు పెడితే నిలవదని ఆయనే కదా సెప్పేరు.”

“ఉండప్పా.” జగ్గారావు అక్కకి చెయ్యి అడ్డం పెట్టాడు. అతని గొంతు తగ్గింది, ముందుకి వంగాడు. “సూరీ, పంతులుగోరు కొత్తగా ఏటైనా సెప్పేరేటే? చక్రం మళ్ళీ సూసేరా? ఏటైనా తేడా వచ్చిందా?”

అందరూ ఆమెనే చూస్తున్నారు. ఇప్పుడు తవిటమ్మ కూడా. అవును అంటే చాలు. బోటు, పెట్టి అని ఒక్క ముక్క అంటే చాలు, తవిటమ్మే మిగతాది చెబుతుంది. వీళ్ళంతా ఒక్కసారి తనవైపు తిరుగుతారు. అమ్మ చేతిలో గరిటె తిరుగుతుంది. వాళ్ళ కళ్ళలో అప్పుడే ఆ సిద్ధపాటు కనపడుతోంది. తనవైపు తిరగాలంటే వాళ్ళు మహేశ్వరి మీదనుంచి తిరగాలి. రేపటినుంచి ఆమె మీద పాపం అన్న మాట ఉంటుంది.

మహేశ్వరి ఇప్పుడు తలెత్తింది. ఆమె కూడా ఆ జవాబు కోసమే చూస్తోంది, దెబ్బ పడేముందు చూసినట్టు.

“ఏటీ సెప్పనేదు మావా,” అంది సూర్యకళ. “చక్రాల్లో ఏటీ మారనేదు. పదో ఇంట్లో సూరీడు మహేసుకే ఉన్నాడు, దానికే ఉండనీ. ఉజ్జోగం నాకు కావాలి. నాను సేత్తాను.”